క్షమాపణ ఇంట్లోనూ చెప్పాలి



కతోలిక విశ్వాసులు ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని, అంటే గురువు ముందు తమ పాపాలు ఒప్పుకోవాలని, 1215లో నాలుగో లాటరన్ మహాసభ నిర్ణయించింది. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎట్టి పరిస్థితిలోనూ ఎవరికీ చెప్పకూడదు. 2014 మార్చిలో ఫ్రాన్సిస్ పోపుగారు కూడా సెయింట్ పీటర్స్ బసిలికాలో అందరూ చూస్తుండగా ఒక గురువు ముందు మోకరించి తన పాపాలు ఒప్పుకున్నారు.

గురువు పాపవిమోచనం పలికాక మన వంతు ఇంకా మిగిలే ఉంటుంది. పొరుగువారికి చేసిన నష్టాన్ని వీలైనంత వరకు సరిదిద్దాలని శ్రీసభ బోధిస్తుంది. దొంగిలించింది తిరిగి ఇచ్చేయాలి. చెడగొట్టిన పేరును మళ్లీ నిలబెట్టాలి.

ఆ పొరుగువారిలో మొదటివారు మన ఇంట్లోనే ఉంటారు. కోడలి పుట్టింటిని నలుగురిలో తక్కువ చేసి మాట్లాడిన అత్తగారు ఆ నలుగురి ముందే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. జీతం తాగుడికి తగలేసిన తండ్రి వచ్చే నెల జీతం తెచ్చి ఇంట్లో ఇవ్వాలి. మార్కులు చూసి నోటికొచ్చినట్టు తిట్టిన తల్లి కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని, "నేను అలా అనకూడదు నాన్నా, తప్పు నాదే" అనాలి. అన్నందుకు ఆమె పెద్దరికం తగ్గదు. తప్పు ఒప్పుకోవడం ఎలాగో పిల్లవాడు అమ్మ దగ్గరే నేర్చుకుంటాడు.

అయితే క్షమించడమంటే దెబ్బలు సహిస్తూ ఉండటం కాదు. కొట్టే చెయ్యి ఆగితేనే పశ్చాత్తాపం నిజమైనట్టు.

మీ మాటవల్ల నొచ్చుకున్న మనిషి ఇంట్లో ఉంటే, ఈ రాత్రి భోజనాల లోపే వారితో మాట్లాడండి.