అప్రియసత్యము – పసిహృదయము

అప్రియమైన సత్యమును పలుకు విషయమున మనుధర్మశాస్త్రము మనలను హెచ్చరించినదని చాలమందికి తెలియును. ఇంటికి కష్టము వచ్చినపుడు పెద్దలు ఈ మాటనే ఆసరాగా గొని పిల్లల యెదుట నోరు మెదపరు. ప్రియమైన అసత్యమును కూడ ఆ శాస్త్రమే, ఆ చోటనే నిషేధించినదను సంగతి మాత్రము మరుగున పడినది. నలువది యేండ్లు సంస్కృతము చెప్పిన నేనును ఆ రెండవ విధిని మరచితిని. దానిని నాకు జ్ఞప్తికి తెచ్చినవాడు ఏడేండ్ల బాలుడు.

మా నివాసము ఛత్రినాక. మా యింటికి రెండిండ్ల అవతల ఒక కుటుంబమున్నది. ఏటేట ఆషాఢమున లాల్‌దర్వాజా అమ్మవారికి బోనమెత్తుదురు. వీలైన యేడు తిరుమల పోయి వత్తురు. ఆ యింటి కోడలికి రొమ్ము క్యాన్సరని తేలినది. రెడ్‌హిల్స్‌లో 1955 నాటినుండి బీదసాదలకు దిక్కుగా నున్న ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఆమెకు చికిత్స మొదలైనది. మందు నరములోని కెక్కించిన కొలది దినములకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకు రాసాగెను. శరీరమున వేగముగా పెరుగు కణములపై ఆ మందు పనిచేయును; క్యాన్సరు కణములతోపాటు వెండ్రుకల కుదుళ్లును దానికి లోబడును. చివరకామె తల పూర్తిగా బోడియైనది.

కొడుకు అడుగగా నాయనమ్మ, "మీ అమ్మ తిరుపతికి పోయి దేవునికి తలనీలాలు ఇచ్చొచ్చింది బిడ్డా" అని చెప్పినది. ఆ మాట స్వామి పేరిట ఆడినదే గదా! బాలుడు నమ్మీ నమ్మక మా అరుగు వద్దకు వచ్చి నన్నడిగెను. "అవును నాయనా" అంటిని. అప్పటికది దయగనే తోచినది.

వాడు కొంత తడవు ఊరకుండి, "మరి లడ్డు ఏది తాతా?" అనెను.

నాకు బదులు దొరకలేదు. నాటినుండి వాడు మా అరుగు తొక్కలేదు. తల్లి చెంత కూర్చుండుటకును వెనుదీయసాగెను. ఆమె మెల్లగా అడిగి అడిగి కారణము రాబట్టినది. పూర్వమొకనాడు ఆటలో వాని మోచేయి ఆమె ఎదకు తగిలినదట. ఆమె నొప్పితో కేకవేసినదట. అందువలననే అమ్మకు జబ్బు చేసినదనియు, తన తప్పును కప్పుటకే పెద్దలందరును కల్లలాడుచున్నారనియు వాడు తీర్మానించుకొనెను. మేము దాచినది ఒక్క రోగమును. వాడు దాని స్థానమున మోచినది ఒక హత్యాదోషమును.

ఇది పసివారికే గాదు. అయోధ్యాకాండమున శ్రీరాముడు కైకేయి గృహమునకు వచ్చినపుడు దశరథుడు "రామా" యను ఒక్క మాట తప్ప పలుకలేకపోయెను. కుమారుని వైపు చూడనైన లేకపోయెను. అపుడు రాముడు కైకేయిని మొదట అడిగినదేమి? తెలియక తానేమైన అపరాధము చేసెనా యని. తండ్రి దేహమునకో మనస్సునకో బాధ కలిగినదాయను ప్రశ్న ఆ తరువాతిది. ధర్మమూర్తికే తండ్రి మౌనమున తన తప్పు కనబడినచో, రెండవ తరగతి బాలునికి కనబడుటలో వింత యేమున్నది?

దాచుటకును రామాయణమున ప్రమాణమున్నదని ఒకరు నాతో వాదించిరి. నిజమే. దశరథుడు గతించిన వార్తను భరతునకు తెలుపవలదని దూతలను ఆజ్ఞాపించినవాడు వసిష్ఠుడే. కాని అది దూరదేశమునుండి అయోధ్య చేరువరకే. దారిలో భరతుడు గడపిన రాత్రులు ఏడు. ఆ గడువులోనైన దాపరికము ఫలించినదా? దూతలు నగరము ప్రవేశించిన రాత్రియే భరతునకు తండ్రిని గూర్చి దుస్స్వప్నము వచ్చినది. అయోధ్య కనబడగానే నిర్జనములైన ఉద్యానములు, అణగిన కోలాహలము వానికి సంగతిని సగము చెప్పివేసినవి. తుదకు తల్లి నోట విని, తండ్రి చివరి మాట యేమని భరతుడు అడిగెను. ఆ చివరి పలుకులు రామ సీతా లక్ష్మణులను గూర్చినవి. తన కొరకు ఒక్క మాటయు లేదు. ఈ ఘట్టమును ఎన్నిమారులు పాఠము చెప్పితినో! చెప్పవలసినవారు బ్రదికియుండగనే చెప్పించుకొను భాగ్యము పిల్లలకు కలదని మాత్రము ఇన్నాళ్లకు తెలిసినది.

దాచుట మనదేశపు అలవాటు మాత్రమేయని తలపరాదు. 1961లో షికాగోలో ఒక ఆసుపత్రి వైద్యులను ప్రశ్నింపగా నూటికి 90 మంది క్యాన్సరు సంగతిని రోగికే చెప్పకుండుటకు మొగ్గిరి. 1979లో మరియొక అమెరికా ఆసుపత్రిలో అదే ప్రశ్న అడుగగా 97 మంది చెప్పుటయే మేలనిరి. తానే క్యాన్సరు పాలైన వైద్యురాలు వెండీ హార్ఫమ్ 1997లో, రోగులైన తల్లిదండ్రులు తమ పిల్లలను సాకు విధమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసినది.

మా పొరుగింటి తల్లి ఏ గ్రంథమును చదువలేదు. ఒక సాయంకాలము కొడుకును పక్కన కూర్చుండబెట్టుకొని తలపై కొంగు తీసివేసినది. ఆమె మాటలనే వ్రాయుచున్నాను. "నాకు క్యాన్సర్ అనే జబ్బు వచ్చింది బిడ్డా. నీ మోచేయి తగిలి రాలేదు. ముట్టుకుంటే నీకు అంటదు. మందు గట్టిది, అందుకే జుట్టు పోయింది. మందు ఆపినంక మల్ల వస్తది. నేను దవాఖానకు పోయిన రోజు బాబాయి నిన్ను బడి నుంచి తోల్కొస్తడు."

రోగమునకు పేరుపెట్టి చెప్పుట నాకు మొదట కఠినమనిపించినది. పేరు చెప్పనిచో వీధిలో వేరొకరు చెప్పుదురు. అది మరింత కఠినము. మరునాడు ఆమె భర్త బడికి పోయి పంతులమ్మకును తెలిపివచ్చెను.

బాలుడు, "నువ్వు చచ్చిపోతవా?" అని అడిగినాడట. నేనైన "శుభం పలుకు" అని కసరియుందును. ఆమె, "తెల్వదు బిడ్డా. బతకాలనే ఈ మందులన్ని. ఏమైనా నీకు దాయకుండ చెప్త" అనినది. ఆ రాత్రి వాడు చాలదినముల తరువాత తల్లి పక్కన నిద్రించెను.

చికిత్స ఇంకను సాగుచున్నది. నేను వారింటికి పోయి, తిరుపతి మాట అబద్ధమనియు, నేను అట్లు చెప్పకుండవలసినదనియు బాలునితో అంటిని. వాడు లెక్కల పుస్తకమునుండి తలయెత్తక, "నాకు తెల్సు తాతా" అనెను.