పూజార్హత యెవరి సొత్తు?

మహాత్ముడొకడు గతించిన పిదప, ఆయన నారాధించువారిలో ఒకరు వేఱొకరిని “నీవు తగవు” అని వాకిట నిలుపవచ్చునా? నిలుపువానికి ఆ యధికార మెక్కడనుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము శాస్త్రచర్చలలో కంటె త్యాగరాజస్వామి జీవితమునందును, ఆయన సమాధి చరిత్రమునందును స్పష్టముగా దొరకునని మేము తలంచుచున్నాము.

త్యాగరాజు 1767లో తిరువారూరున తెనుగు బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. శొంఠి వేంకటరమణయ్యగారికడ సంగీతము నభ్యసించెను. కావేరీతీరమందలి తిరువయ్యారున జీవించి, 1847లో సన్న్యాసియై దేహము చాలించెను. తంజావూరి ప్రభువైన శరభోజి తన యాస్థానమునకు రమ్మని పిలిచినను ఆయన పోలేదని సంప్రదాయము చెప్పుచున్నది. రాజాశ్రయమును వలదన్నవానికి జీవనము ఉంఛవృత్తి. వీథివెంట రామనామము పాడుచు నడచి, గృహస్థులు పెట్టిన బియ్యముతో తనవారిని పోషించెను.

ఈ విషయమును మనము ఊరక స్తుతించి విడువరాదు. రాజసభలో పాడువాని పాట వినుటకు ద్వారపాలకుని యనుమతి కావలెను. వీథిలో పాడువాని పాటకు ద్వారపాలకుడు లేడు. ఆ కాలపు వీథులును అందఱివి కావన్నది నిజమే. అయినను పాట గోడలకు లోబడదు. ఇప్పటికి దక్కిన సుమారు 700 కృతులలో మిక్కిలి ప్రసిద్ధములైనవి ఘనరాగ పంచరత్నములు. వానిలో శ్రీరాగమందలి కృతి లోకమునగల మహానుభావు లందఱికిని చేసిన నమస్కారము. ఆ నమస్కారమునకు ఆయన కులముచేతగాని స్త్రీపురుష భేదముచేతగాని హద్దు గీయలేదు.

హద్దు గీచినవారు తరువాతివారు. ఆయన సమాధి చిరకాలము పాడుపడి యుండెను. 1908 మొదలు ఆరాధన లుత్సవరూపము దాల్చినవి. వెంటనే రెండు పక్షము లేర్పడినవి. పక్షములకు ఎన్నింట భేదమున్నను ఒక్కదానియందు భేదము లేదు: స్త్రీలు సమాధియెదుట పాడరాదు.

అట్టి సమయమున బెంగుళూరు నాగరత్నమ్మ యను గాయకురాలు తిరువయ్యారు చేరెను. ఆమె దేవదాసీ కులమున 1878లో జన్మించినది. పాడి యార్జించిన ధనమును వెచ్చించి, 1921లో పని నారంభింపజేసి, 1925 నాటికి సమాధిపై ఆలయము వెలయించెను. ఆలయము నందఱు స్వీకరించిరి. ఆమె కంఠమును మాత్రము స్వీకరింపలేదు. ఆమె వెనుదీయక, 1927 మొదలు సమాధి వెనుకభాగమున స్త్రీలచే వేఱుగ ఆరాధన జరిపించెను. 1940 ప్రాంతమున పక్షములు కలిసిన పిదపనే స్త్రీలకు అందఱితోపాటు చోటు దక్కినది.

“స్థలపవిత్రతను కాపాడవలదా?” యని యడుగువారు గలరు. కాపాడవలసినదే. కాని ఆమె ధనముతో లేచిన గోడ పవిత్రమై, ఆమె పాట యపవిత్ర మగునా? దానమును గైకొని దాతను గెంటుట ధర్మమనిపించుకొనదు. ఆమె కులపు స్త్రీల యిండ్లకేగి పాట వినివచ్చిన పురుషులు సమాధియెదుట పాడుటకు అర్హులుగానే మిగిలిరి. దోషము వృత్తియందే యున్నచో దాని నిరుప్రక్కల తూచవలెను గదా!

సంస్కారపక్షమువారు చేయు ఆక్షేపణ ఇంతకంటె గంభీరమైనది: అట్టి స్త్రీలను గౌరవించినచో ఆ యాచారమునకు బలమిచ్చినట్లగునట. ఈ మాటయందు మనపక్షపు లోపము దాగియున్నది. కందుకూరి వీరేశలింగముగారంతటివారు ముద్దుపళని కవిత్వమును నీతి పేర నిందించిరి. ఆమె రాధికాసాంత్వనమును నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటింపగా ప్రభుత్వము నిషేధించెను. ఆచారము దుష్టమైనచో ఆచారమును తొలగింపవలెను. బాలికలను దేవునికి దాసీలుగా సమర్పించు దురాచారమును మదరాసు ప్రభుత్వము 1947లో చట్టముచే నిషేధించుట మేలే. కాని వ్యాధిని మాన్పబూనిన వైద్యుడు రోగిని ఊరినుండి వెళ్లగొట్టడు. తరతరములుగా సంగీతమును నృత్యమును కాపాడిన స్త్రీలచేతినుండి విద్యను పుచ్చుకొని, వారికి నీతిబోధను మాత్రమే తిరిగి యిచ్చుట ఋణము తీర్చుట కాదు.

నాగరత్నమ్మ 1952లో మరణించెను. ఆమె సమాధి త్యాగరాజస్వామి సమాధికి చేరువనే యున్నది. నేడు అచ్చట స్త్రీలు పాడుచున్నారు. పూర్వము వారిని నిలిపిరన్న మాట చాలమంది యెఱుగరు. మఱచుట సులభము. సంగీతసభలో వేదికపై నెవరు కూర్చుండిరో చూచినప్పుడు, అచ్చటికి రాలేకపోయిన వారెవరని కూడ మనము విచారింపవలెను. బియ్యము పెట్టిన చేతుల కులము నడిగి త్యాగరాజస్వామిని పూజించువారమని చెప్పుకొనుటకంటె, ఆ ప్రశ్నను ప్రతిసభయందును అడుగుచుండుట ఆయనకు తగిన ఆరాధన.