నేత్రపాఠమున నేర్పవలసినది

ఇంద్రియములన్నిటిలో నేత్రములే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. కంటి సంరక్షణను బోధించు ఉపాధ్యాయులును తరచు ఈ మాటతోనే పాఠము ప్రారంభింతురు. కాని ఆ తరగతిలో చూపులేని బాలుడొకడు కూర్చుండియున్నచో, ప్రధానమైనది తనకు లేదనియే గదా వాడు గ్రహించును! అంధత్వమును నివారింపవలెననియు, అంధుడు ఎవరికిని తీసిపోడనియు ఒకే నోట చెప్పుట సాధ్యమా?

సాధ్యమే. అయితే దోషమెక్కడ నున్నదో ముందుగా బాలురకు తెలియవలెను. ఇందుకు ట్రకోమా వ్యాధి నిదర్శనము. దీనికి కారణమైన సూక్ష్మజీవిని మురికి చేతులు, తువ్వాళ్లు, ఈగలు ఒక కంటినుండి మరియొక కంటికి చేర్చును. పలుమార్లు సోకినచో కనురెప్ప లోపలికి ముడుచుకొని, వెండ్రుకలు నల్లగ్రుడ్డును ఒరసి, కాలక్రమమున చూపు పోవును. అంధత్వము పూర్వజన్మ పాపఫలమని తలచువారు గలరు. కాని ఘానా దేశమున ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగినదని 2018లోను, భారతదేశమున తొలగినదని 2024లోను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. అది పాపములు నశించుటచే గాదు. ముఖశుభ్రత, మంచినీరు, మరుగుదొడ్లు, మందు, శస్త్రచికిత్స ప్రజలకు అందుటచేతనే.

ఆ సంస్థ 2019 నివేదిక ననుసరించి ప్రపంచమున కనీసము 220 కోట్లమందికి దృష్టిలోపము గలదు. వారిలో కనీసము 100 కోట్లమంది లోపము నివారింపదగినది, లేదా ఇంకను చికిత్సకు నోచుకొననిది. కళ్లజోడు దొరకనివారు, శుక్లమునకు శస్త్రచికిత్స అందనివారు ఇందులో చేరుదురు. కావున చూపు పోవుట అనేకచోట్ల ఒకని దురదృష్టము గాదు, పలువురి ఉపేక్ష.

చూపు పోయినవానికి చదువు కూడ లేకుండ చేయుట రెండవ ఉపేక్ష. 1809లో ఫ్రాన్సున జన్మించిన లూయీ బ్రెయిలీ పసితనమున తండ్రి పనిముట్టు కంటికి గ్రుచ్చుకొని, క్రమముగా రెండు కండ్ల చూపును కోల్పోయెను. ప్యారిస్ అంధబాలుర పాఠశాలలో చదువుచు, పదునైదేండ్ల ప్రాయమున, 1824లో, ఆరు చుక్కల లిపిని రూపొందించెను. అతనికి చూపు రాలేదు, చదువు వచ్చినది. నేడు తెలుగును సైతము ఆ చుక్కలతో చదువుచున్నారు.

పిల్లల కండ్లకు గంతలు కట్టి కొంతసేపు నడిపించి, అంధత్వమిట్టిదని చూపు పద్ధతి కొన్నిచోట్ల గలదు. గంతలు కట్టినవానికి తెలియునది తొట్రుపాటు మాత్రమే. ఏండ్ల సాధనచే అంధుడు గడించిన నేర్పు కాదు. భయమునుండి పుట్టిన జాలి తోటివానిని దూరముగానే నిలుపును.

దానికి బదులు బాలురకు చేయదగిన పనులు నేర్పవలెను. ముఖము కడుగుకొనుట, దినమును కొంతసేపు ఆరుబయట ఆడుట, నల్లబల్ల కనపడని స్నేహితుని గూర్చి ఉపాధ్యాయునకు చెప్పుట, కళ్లజోడు పెట్టుకొన్నవానిని ఎగతాళి చేయకుండుట, చూపులేనివానికి ఏమి కావలెనో వానినే అడిగి సాయపడుట. మఠములును సంఘములును నడుపు పాఠశాలలలో ఏటేటా కంటి పరీక్షయు, గ్రంథాలయమున బ్రెయిలీ పుస్తకములును ఉన్ననాడు ఈ పాఠము మాటగా మిగిలిపోక ఆచరణమగును.