అద్దె గదీ, అంతరాత్మా

నా విద్యార్థి వొకడు మేడ్చల్‌లో గది వెతుక్కుంటూ నన్ను తోడు రమ్మన్నాడు. యింటి యజమాని మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. అద్దె కుదిరింది. ఆ తర్వాత యింటిపేరు అడిగాడు, వూరు అడిగాడు, వూళ్లో యే వాడో అడిగాడు. కుర్రవాడు దాచకుండా చెప్పాడు. ఆదివారం చర్చికి వెళతామని కూడా చెప్పాడు.

"మాది నియమం గల్ల ఇల్లు సారూ, ఏమనుకోకుండ్రి. ఎవరి నమ్మకం వాళ్లది గద!" అన్నాడాయన. నాతో అన్నాడు, అతనితో కాదు.

శామీర్‌పేటకు తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాట నన్ను వదలలేదు. నమ్మకం ఆయనకు వుండవలసిందే. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను హామీ యిస్తున్నది. దాన్ని చులకన చేసే అభ్యుదయవాదులతో నాకు పేచీ వుంది. పూజగదిలోకి పోలీసును పంపే రాజ్యం రేపు గ్రంథాలయంలోకీ పంపుతుంది. కాని పూజగది వేరు, అద్దె గది వేరు. అద్దె గది సరుకు. మూల్కీ వెంకటరమణ ఆలయం కేసులో 1958లో సుప్రీంకోర్టు యేమన్నది? కొన్ని ప్రత్యేక క్రతువులను ఆ శాఖవారికే విడిచిపెట్టవచ్చు గాని, తక్కిన హిందువులకు గుడి తలుపు మూయరాదన్నది. గుడికే లేని మినహాయింపు అద్దె గదికి యెక్కడిది?

అంతకన్న పెద్ద చిక్కు కుర్రవాడి వైపున వున్నది. 1950 నాటి రాష్ట్రపతి వుత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులూ, ముస్లిములూ బయటే వుండిపోయారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని, వొక పాస్టరు పెట్టిన కేసును కొట్టివేసింది. క్రైస్తవంలో కులం లేదు గదా అని వాదన. గ్రంథంలో లేదు, నిజమే. మేడ్చల్ యజమాని గ్రంథం చూసి వాడ యేదని అడగలేదు.

1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువానూ అంటరానితనం వదలలేదు. ఆయన 'గబ్బిలం' పాఠం చెప్పినప్పుడల్లా, గుడిలోకి పోగల పిట్టను వెతుక్కున్న ఆ మనిషి కథను పిల్లలు పాతకాలపు సంగతిగా వింటారు. యీ యేడు ఆ పాఠం చెబుతూ వెనక బెంచీ వైపు చూడలేకపోయాను.

రిజర్వేషన్లలో వాటా తరిగిపోతుందన్న దళిత మిత్రుల భయాన్ని నేను కొట్టిపారెయ్యను. వున్న కాసిని వుద్యోగాలను పంచుకోవలసినవారి భయమది. దానిమీద వేరే చర్చ జరగాలి. కాని దెబ్బలనుంచి రక్షణ పంచితే తరిగేదా? బాప్తిస్మం తీసుకున్నవాడికి వొక రక్షణ తగ్గించి, నీకు మతస్వేచ్ఛ వున్నది పొమ్మంటే, ఆ స్వేచ్ఛకు వెల కట్టినట్టే గదా.

ఆ కుర్రవాడికి పై నెలలో గది దొరికింది. యీసారి చర్చి సంగతి చెప్పలేదట. ఆ మాట నాతో తల వంచుకుని చెప్పాడు.