దూడకు మిగిల్చిన పాలు

 



పోయిన పౌర్ణమి వందనకు మా పక్క పల్లెకు వెళ్లాను. త్రిశరణం, పంచశీల అయిపోయాయి. పిల్లలకు అటుకులు పంచుతుండగా ఒక అక్క లేచింది. "తమ్మీ, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. నాకు గుంట భూమి లేదు. ఎనిమిది మేకలున్నయి. ఏడాదికి రెండు మూడు పోతులు అమ్మితేనే బిడ్డ కాలేజీ ఫీజు ఎల్తది. కొన్నోడు దాన్ని ఏం జేస్తడో నాకు తెల్వదా? మరి పొద్దుగాల లేచి జీవహింస చెయ్యనని మొదటి శీలం చదువుతున్న. నేను అబద్ధం ఆడుతున్ననా?"

అప్పుడు నేను ఏదో సర్దిచెప్పాను. "అన్నీ మనసును బట్టి ఉంటయి అక్కా" అన్నాను. ఆమె తలూపి కూర్చుంది గానీ ఆ జవాబు ఆమెకూ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. ఈ చిన్న పుస్తకం ఆమెకు నేను బాకీ పడ్డ జవాబు.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. పశువుల మీద కరుణ అనగానే మనవాళ్లకు ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు మన పిల్లల్ని కట్టేసి కొట్టారు. ఆ కుటుంబం 2018 ఏప్రిల్‌లో బుద్ధుని శరణు వేడింది. ఆవును దేవతను చేసి మనిషిని పశువు కంటే హీనంగా చూసేది కరుణ కాదు, కులం. బుద్ధుడు ఏ జంతువునూ పూజించమనలేదు. దానికీ నొప్పి ఉంటుందని మాత్రం చెప్పాడు. ఈ రెండూ కలిపేసుకుని, వాళ్ల మీద కోపంతో మన కొట్టంలోని జీవి నోరు కొట్టొద్దు.

ఇక అక్క ప్రశ్న. అంగుత్తర నికాయంలో ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదు చెప్పారు: ఆయుధాలు, జీవులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. జీవుల వ్యాపారం అంటే మనుషుల్ని అమ్మడమని అట్ఠకథ అర్థం చెప్పింది. అక్కడికి హమ్మయ్య అనుకోవచ్చు. కానీ అదే అట్ఠకథ మాంస వ్యాపారమన్న చోట జంతువుల్ని పెంచి అమ్మడాన్ని కూడా చేర్చింది. కాబట్టి దాచి లాభం లేదు అక్కా, నీ మేకపోతు బేరం ఆ గీతకు దగ్గర్లోనే ఉంది.

అయితే ఇక్కడే బాబాసాహెబ్ మనకు దారి చూపారు. 'బుద్ధుడు-ఆయన ధమ్మం' గ్రంథంలో అహింసను ఆయన కొరడా లాంటి నియమంగా చూపలేదు. మనం ఆలోచించి ఆచరించాల్సిన సూత్రంగా చూపారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడదీశారు. భూమి లేని మనిషికి మేక బ్యాంకు పాసుబుక్కు లాంటిది. ఆమెది కోరిక కాదు. కానీ, అన్నలారా, 'అవసరం' అనే మాటను సంచిలో వేసుకుని తిరగొద్దు. అవసరం ఎక్కడ ఆగి ఆశ ఎక్కడ మొదలైందో ఎవరికి వారు చూసుకోవాలి. నేను చూసుకోలేదు. అదీ చెబుతాను.

పదిహేనేళ్ల కిందట లోను తీసుకుని రెండు బర్రెలు కొన్నాను. డిగ్రీ చదివి ఉద్యోగం రాక, పాల మీద బతుకుదామనుకున్న రోజులు. ఒకటి దున్నపోతు దూడను ఈనింది. పెయ్యదూడ అయితే రేపు బర్రె అవుతుంది, మగదూడతో ఏం పని? లీటరు పాలు దానికి పోతే లీటరు డబ్బు పోయినట్టే అని లెక్క వేశాను. చేపుకు ఒక్కసారి వదిలి గుంజి కట్టేసేవాణ్ణి. ఇరవై రోజులకు పక్కటెముకలు తేలాయి. నెల దాటక ముందే చచ్చింది. అది చచ్చాక బర్రె చేపడం మానేసింది. పాలు కొనే మనిషి ఒకడు చిన్న సీసా ఇచ్చి, "సూది వెయ్, కారిపోతయి" అన్నాడు. వేశాను. ఆరు నెలలు వేశాను. పాల కోసం పశువు ఆరోగ్యాన్ని చెడగొట్టే సూది వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరమని చాలా ఆలస్యంగా తెలిసింది. చట్టం సంగతి వదిలేయండి. ఆ రోజుల్లో కూడా నేను ప్రతి ఏప్రిల్ 14న మైకు పట్టుకుని కరుణ గురించి మాట్లాడాను.

తర్వాత కొన్నేళ్లకు మజ్ఝిమ నికాయంలోని మహాగోపాలక సుత్తం చదివాను. సావత్థిలో జేతవనంలో భిక్ఖువులకు చెప్పింది. మంద పెరగాలంటే పశువుల కాపరికి పదకొండు తెలిసుండాలట. ఏ పశువు ఏదో గుర్తుపట్టాలి, దాని లక్షణాలు తెలియాలి. పుండు మీది ఈగ గుడ్లు తీసేయాలి, గాయానికి కట్టు కట్టాలి. కొట్టంలో పొగ వేయాలి. నీళ్ల రేవు, తాగిందో లేదో, నడిచే దారి, మేత ఉన్న చోటు తెలియాలి. మందకు పెద్దలైన ఎద్దులను గౌరవంగా చూడాలి. ఇంకొకటి ఉంది. పాలన్నీ పిండుకోకూడదు, మిగల్చాలి.

ఆ చోట పుస్తకం మూసేశాను.

అది భిక్ఖువుల సాధనకు చెప్పిన పోలిక అని పండితులు అంటారు. నిజమే. కానీ పోలిక చెప్పేవాడికి కొట్టం తెలియకపోతే ఈగ గుడ్ల మాట రాదు. పొగ సంగతి మన అమ్మలకు తెలుసు, సాయంత్రం వేపాకు పొగ వేసేవాళ్లు. ఇప్పుడు సిమెంటు గచ్చు, రేకుల కప్పు, మూరెడు తాడు. బర్రెకు ఒళ్లు తడుపుకునే నీళ్లు లేవు, ఎండాకాలం ఆ రేకుల కింద అది రొప్పుతుంటే పాలు తగ్గాయని తిడతాం.

మేకల సంగతికి వస్తాను. పిల్ల పుట్టిన గంటలోపే ముర్రుపాలు తాగాలి, అది దాని మొదటి టీకా. చిటుక రోగానికి వానలకు ముందే టీకా వేయించాలి. పారుడు రోగం టీకా ఒకసారి వేస్తే మూడేళ్ల దాకా కాస్తుంది. నట్టల మందు వానలకు ముందూ తర్వాతా. పశువుల డాక్టరు బండికి 1962 నంబరు ఉంది, ఫోన్ చేయండి. మన వాడకు రాడులే అని ముందే ఊరుకోవద్దు. రాకపోతే అడగండి, అది కూడా బాబాసాహెబ్ నేర్పిందే. మేత ఎంతుందో చూసి మందను పెంచుకోవాలి. ఎనిమిదికి మేత ఉన్న చోట ఇరవై పెంచితే చెట్టూ పోతుంది, మేకా పోతుంది.

మేత అనగానే గుర్తొచ్చింది. దీఘ నికాయంలో కూటదంత సుత్తం ఉంది. బ్రాహ్మణుడు వందల పశువుల్ని యాగానికి కట్టేసి బుద్ధుని సలహాకు వస్తాడు. ఆయన పాత రాజు కథ చెబుతాడు. ఆ యాగంలో ఆవు, మేక, గొర్రె, కోడి, పంది ఏదీ చావలేదు, చెట్టూ కూలలేదు, పనివాళ్లు ఏడుస్తూ పని చేయలేదు. దానికన్నా ముందు రాజు చేసిన పని చూడండి: సాగు చేసేవాళ్లకూ పశువులు పెంచేవాళ్లకూ విత్తనం, మేత ఇచ్చాడు. పశువుల్ని చంపే పూజ కాదు, పేదకు మేత ఇవ్వడమే రాజ్యం పని. ఊరి పోరంబోకు, బీడు అంతా ప్లాట్లయిపోతే భూమి లేని అక్క మేకను ఎక్కడ తిప్పాలి? మన సంఘాలు గ్రామసభలో ఈ ప్రశ్న లేవనెత్తాలి. జాతరకు పోతును కోసే సొమ్ముతో ఎన్ని చొప్పకట్టలు వస్తాయో కూడా ఇంట్లో లెక్క వేయాలి.

అమ్మే రోజు గురించి ఒక్కటే చెబుతాను. జీవక సుత్తంలో చంపించేవాడికి ఐదు విధాల పాపం చెప్పారు. అందులో రెండోది చావు గురించి కాదు. మెడ పట్టి ఈడ్చుకుపోతుంటే జంతువు పడే బాధ గురించి. నాలుగు కాళ్లు కట్టి, ఒకదాని మీద ఒకటి ఆటోలో పడేసి, ఎండలో పదిహేను మైళ్లు తీసుకుపోతున్నాం కదా, అది అవసరం కాదు. అది మన బద్ధకం.

ఇవన్నీ రాసుకుని మొన్న ఆ అక్క ఇంటికి వెళ్లాను. చదివి వినిపించాను. నీ ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర లేదక్కా, బిడ్డ చదువయ్యి ఉద్యోగం వచ్చాక మళ్లీ అడుక్కుందాం అన్నాను. ఆమె కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత "సంత రెండు కిలోమీటర్లే గద, నడిపిచ్చుకపోత. మధ్యల కుంట కాడ నీళ్లు దాపుత" అంది.

గుంజ దగ్గర ఒక ముసలి మేక పడుకుని ఉంది. ఆరు ఈతలు ఈనిందట, రెండేళ్ల నుంచి వట్టిదేనట. దాన్ని మాత్రం అమ్మనంది. నేను ఎందుకని అడగలేదు.