పచ్చశంఖం, ప్రింటు రంగు

ఫోటోలో ఒక వస్తువుకో ఒక మనిషికో కాక, బొమ్మ మొత్తానికీ ఒకే రంగు పల్చటి పొరలా కమ్ముకుంటే దాన్ని ఛాయాదోషం అనవచ్చు. స్టూడియోల్లో వాడుక మాట ఇంకా సూటిగా ఉంటుంది: ప్రింటు గ్రీన్ కొడుతోంది, రెడ్ కొడుతోంది. ఖాళీ అయిన కాట్రిడ్జిలోనో ట్యాంకులోనో బయట కొన్న ఇంకు నింపాక ఈ తంటా తరచుగా వస్తుంది. పెళ్లి ఆల్బం అయితే మరో కాపీ తీస్తే సరిపోతుంది. తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో పెద్దకర్మ నాటికి దండ వేయడానికని, పోయినవారి ఫోటో పెద్దది చేయించుకునే కుటుంబానికి మాత్రం అది తేలిక విషయం కాదు. "నాన్నగారి రంగు ఇది కాదండీ" అని కూతురు అంటే, సరిచూసుకోవడానికి ఆయన లేరు. కనిపిస్తున్నది తప్పని ఎలా తెలుస్తుంది? దేనితో పోల్చి దిద్దాలి? భారతీయ దర్శనాలు ఈ ప్రశ్నను శతాబ్దాలపాటు, చాలాసార్లు రంగుల ఉదాహరణలతోనే చర్చించాయి.

ముందు రంగు పేరు తేల్చుకోవాలి. తెలుగులో పచ్చ అంటే వరిచేను రంగూ అవుతుంది, కామెర్ల రంగూ అవుతుంది. ప్రింటుకు ఇవి రెండు వేర్వేరు రోగాలు. కాగితం మీది ఇంకు తెల్లని వెలుగులో కొంత భాగాన్ని మింగి, మిగిలినదాన్ని కంటికి వదులుతుంది. సయాన్ ఎరుపును మింగుతుంది, మెజెంటా ఆకుపచ్చను, పసుపు ఇంకు నీలాన్ని. అందుచేత సయాన్ తగ్గితే ప్రింటు ఎర్రబడుతుంది, మెజెంటా తగ్గితే ఆకుపచ్చ కొడుతుంది, పసుపు తగ్గితే నీలం తేలుతుంది. కంటికి కనిపించేది ఒక రంగు, తప్పు చేసింది మరో ఇంకు. కొత్తగా పనిలో చేరినవారు తడబడేది ఇక్కడే. ఆరు రంగుల ఫోటో ప్రింటర్లలో చాలావాటిలో లేత సయాన్, లేత మెజెంటా కూడా ఉంటాయి. ముఖం మీది వెలుగు భాగాలు ఎక్కువగా వీటితోనే పడతాయి. ముదురు భాగాలు బాగుండి చెంపలూ నుదురూ మాత్రం ఆకుపచ్చగా వస్తే, లేత మెజెంటా దారి మూసుకుపోయిందేమోనని చూడాలి. ముదురు మెజెంటాను పొరపాటున లేత మెజెంటా ట్యాంకులో ఒంపితే ముఖాలన్నీ కందిపోయినట్టు వస్తాయి.

ఇక కనిపిస్తున్నది తప్పని ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు వద్దాం. జ్ఞానం పుట్టగానే అది ప్రమాణమేనని మీమాంసకుల మతం. దీన్ని స్వతఃప్రామాణ్యం అంటారు. కనిపించినదాన్ని మొదట నమ్మాలి, నమ్మకపోవడానికే కారణం కావాలి. 7వ శతాబ్దంలో కుమారిలభట్టు ఆ కారణాలను రెండుగా చెప్పాడు. తర్వాత వచ్చిన మరో జ్ఞానం మొదటిదాన్ని కొట్టివేయడం ఒకటి. జ్ఞానాన్ని పుట్టించిన సాధనంలోనే దోషం ఉందని తెలియడం రెండోది. ప్రింటు పనిలో ఈ రెండూ రోజూ ఎదురయ్యేవే. కొత్త ప్రింటును పాతదాని పక్కన పెట్టి తేడా పట్టుకోవడం మొదటి దారి. నాజిల్ చెక్ తీయడం రెండో దారి. ఆ కాగితం మీద సన్నని గీతలు మెట్లుమెట్లుగా పడతాయి. మెజెంటా వరుసలో గీతలు తెగి ఉంటే ఫోటోను చూడకుండానే అది ఆకుపచ్చ కొడుతుందని చెప్పవచ్చు. హెడ్ క్లీనింగ్ రెండు మూడుసార్లు చేసినా గీతలు అతకకపోతే, కొన్ని గంటలు వదిలేసి మళ్లీ చూడటం మేలు. ఆపకుండా క్లీనింగ్ చేస్తూ పోతే ఇంకు వేస్టు ప్యాడ్ పాలవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

న్యాయదర్శనం వారు, అంటే నైయాయికులు, ఇంతటితో తృప్తిపడరు. దోషం కనిపించనంత మాత్రాన జ్ఞానం సరైనదని ఎలా ఒప్పుకుంటాం అని వారు అడుగుతారు. నీళ్లు కనిపించాయి, దగ్గరికి వెళ్లి తాగితే దాహం తీరింది. అప్పుడే ముందు చూసినవి నీళ్లేనని నిశ్చయం. అంటే ప్రామాణ్యం వేరొకదాని వల్ల తేలుతుంది. ప్రొఫైల్ తయారుచేసే పద్ధతి ఈ మతానికి చెందినదే. రంగు దిద్దుబాటు ఆపి వందల రంగుగళ్లున్న కాగితాన్ని ప్రింట్ చేస్తారు. అది బాగా ఆరాక ఒక్కో గడినీ స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలుస్తారు. ఈ ఇంకు ఈ కాగితం మీద నిజంగా ఏ రంగు ఇస్తోందో ఒక పట్టికగా రాసుకుంటారు. కంటికి బాగానే ఉన్నా కొలవకుండా ఒప్పుకోరు. దీనికి మీమాంసకుల ఎదురుప్రశ్న బలమైనది: కొలిచే పరికరం సరైనదని ఎవరు చెప్పాలి? పరికరాన్ని దానితోపాటు వచ్చిన తెల్లపలక మీద పెట్టి సరిచూస్తారు. ఆ పలక తెల్లనిదని మరొకటి చెప్పాలి. ఇది అనవస్థ, అంతులేని వరస. సందేహం ప్రతిచోటా పుట్టదు, పుట్టినచోటే విచారణ అవసరం అన్నది నైయాయికుల సమాధానం. చేతులతో పని చేసేవారికి ఈ సమాధానమే నిలబడుతుంది. పలక మీద మరక కనిపించేదాకా పలకను శంకించనక్కరలేదు.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత మన ఇళ్లలో మాట. శాస్త్రాల్లో అదే పచ్చశంఖం ఉదాహరణ: పిత్తదోషం ఉన్నవాడికి తెల్లని శంఖం పసుపు రంగులో కనిపిస్తుంది. తప్పు ఎక్కడుందన్న దానిపై ఒక్కొక్కరిది ఒక్కో మాట. పిత్తంలోని పసుపూ శంఖమూ వేరువేరని గ్రహించకపోవడమే అక్కడ జరిగిందని మీమాంసకుల్లో ఒక శాఖవారైన ప్రాభాకరులు అన్నారు. వేరేచోట ఉన్న పసుపును శంఖానికి అంటగట్టడం అన్నది న్యాయమతం, అన్యథాఖ్యాతి. రామానుజులు శ్రీభాష్యంలో ఇంకో దారి పట్టారు. కంటిలోని పిత్తద్రవ్యం చూపుతోపాటు వెళ్లి శంఖాన్ని నిజంగానే కప్పుతుంది, బంగారు పూత పూసిన శంఖంలా అది కనిపిస్తుంది, ఆ పసుపు అబద్ధం కాదు. వీటి పక్కనే అద్వైతులకు ఇష్టమైన స్ఫటికం: ఎర్రమందారం దగ్గర పెడితే ఎర్రగా కనిపిస్తుంది, పువ్వు తీసేస్తే తెల్లనిదే. పువ్వు ఉపాధి, అంటే పక్కనుండి తన రంగును దానిలో కనిపింపజేసేది మాత్రమే, స్ఫటికానికి ఏమీ అంటలేదు.

ఈ మతాల్లో ఏది గెలిచిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ప్రింటులో అవన్నీ నిజంగా సంభవిస్తాయి, ఒక్కోదానికి చికిత్స వేరు. మూడు రంగులున్న కాట్రిడ్జిలో సిరంజితో ఎక్కువ ఇంకు ఎక్కిస్తే, ఒక గదిది పక్కగదిలోకి పొంగుతుంది. పసుపులో సయాన్ చుక్క పడితే చాలు, అది ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇది రామానుజులు చెప్పిన పూత లాంటిది. రంగు అక్కడ నిజంగానే ఉంది. కంప్యూటర్లో ఎంత దిద్దినా పోదు. నాజిళ్ల అడుగున టిష్యూ అద్ది పొంగిన ఇంకు పీల్చి, పసుపు మళ్లీ శుద్ధంగా వచ్చేదాకా ఆ ఒక్క రంగే కాగితాల నిండా తీయాలి. ఇంకు శుద్ధంగానే ఉండి కంపెనీ మారినప్పుడు జరిగేది అన్యథాఖ్యాతి. పాత ఇంకు స్వభావాన్ని రాసిపెట్టిన ప్రొఫైల్ దాన్ని కొత్త ఇంకుకు అంటగడుతోంది. క్లీనింగ్ వల్ల లాభం లేదు, కొత్త ప్రొఫైల్ కావాలి. ఇక ఎల్‌ఈడీ ట్యూబు కింద బాగున్న ఫోటో వరండాలోకి తేగానే ఎర్రబడితే, అది మందారం పక్కన స్ఫటికం. రెండు రంగులు ఒక వెలుగులో ఒకటిగా, మరో వెలుగులో వేరుగా కనిపించడం ఇంకుల స్వభావం. అందుకే ప్రింటులను చూడటానికి 5000 కెల్విన్ వెలుగును ప్రమాణంగా పెట్టుకున్నారు. అంతటి దీపం లేని స్టూడియోలో, ఎండ నేరుగా పడని పగటి వెలుతురు చాలు. వానాకాలంలో డెల్టా గాలి తేమకు ప్రింటు ఆలస్యంగా ఆరుతుంది. ఒక రోజు ఆగి రంగు తేల్చడం మంచిది.

కన్ను కూడా నమ్మదగిన సాక్షి కాదు. ఒకే ఛాయలో కాసేపు ఉంటే కన్ను దానికి అలవాటుపడి తెల్లగానే చూపిస్తుంది. దోషం అంతటా పరుచుకుంటే, దోషం లేని చోటు ఏదైనా ఉంటేనే అది బయటపడుతుంది. ఛాయాచిత్రంలో ఆ చోటు బూడిదరంగు, ఏ పక్షమూ వహించనిది. ముఖం రంగు ఏదైనా కావచ్చు కాబట్టి ముఖాన్ని చూసి ప్రింటు దిద్దకూడదు. పాత ఫోటోలో తెల్లపంచె ఉంటే అది దొరికిందని అనుకుంటారు కానీ, ఉతికాక నీలిమందు పెట్టిన పంచె తెల్లన కాదు, కాస్త నీలం. సున్నంలో నీలిమందు కలిపి వేసిన గోడా అంతే. నెరిసిన జుట్టు వీటికంటే నయం.

కూతురి జ్ఞాపకం సంగతి ఏమిటి? ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించాడు. స్మృతి కూడా యథార్థం కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు. న్యాయమతంలో స్మృతి ప్రమ, అంటే యథార్థమైన అనుభవం, కాదు. మునుపటి అనుభవం వదిలిన సంస్కారం నుంచి అది పుడుతుంది. అయినా దాన్ని తోసిపుచ్చడం సరికాదు. బూడిదరంగు కుదిరాక కూడా "ఇంకా చామనఛాయ" అని ఆమె అంటే, ఆ మాట వినాలి. పాత ఫోటో తీసిన రోజున వెలుగు ఎక్కువై ఉండవచ్చు. ఆ రంగును ఇంట్లో ఏళ్ల తరబడి చూసిన కళ్లు ఆమెవే.

"కొంచెం తెల్లగా చేయండి" అని బంధువులు అడగడం వేరు. అది తప్పని తెలిసి, కావాలని తెచ్చిపెట్టుకునే జ్ఞానం. తార్కికులు దాన్ని ఆహార్యం అన్నారు. దోషం పోగొట్టే పనికీ దోషం పెట్టే పనికీ ఒకే మౌసు, ఒకే స్లైడరు. ఎండలో చేను చేసిన మనిషిని పోయాక తెల్లగా దిద్దితే, ఆయన బతుకులోంచి ఆ ఎండను తీసేసినట్టే అవుతుంది. దాన్ని దిద్దుబాటు అనకూడదు.

గోడకెక్కిన ప్రింటు కూడా అలాగే ఉండిపోదు. కిటికీ ఎదురుగా వేలాడితే డై ఇంకులు వెలిసిపోతాయి, అన్నీ ఒకే వేగంతో కాదు. మెజెంటా ముందు పోతే కొన్నేళ్లకు ముఖం ఆకుపచ్చకు తిరుగుతుంది. మనవలు దాన్నే స్కాన్ చేయించి మరో కాపీ తీయించుకుంటే, వెలిసిన రంగే వారికి తాతగారి రంగు అవుతుంది. అందుకని ప్రింటు వెనుక పెన్సిలుతో ఇంకు పేరు, కాగితం రకం, తీసిన తేదీ రాసి, దిద్దిన ఫైలు కాపీ కుటుంబానికి ఇవ్వాలి.