ఎండలో కనబడే గీతలు



ఈ నెల మీతో కారు పెయింటు గురించి మాట్లాడాలనుకుంటున్నాను. నవ్వకండి. మన ఫెలోషిప్‌లో కారు లేని ఇల్లు లేదు, నల్ల కారు కొన్నవాళ్ళకైతే ఈ బాధ నేను వివరించనక్కరలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిసి పార్కింగ్ లాట్‌లోకి వచ్చినప్పుడు, మీ కారు హుడ్ మీద సూర్యుడు మెరిసే చోట ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ మెరుపు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు గుండ్రంగా కనబడతాయి. వీటినే స్వర్ల్ మార్క్స్ అంటారు. విచిత్రమేమిటంటే చాలామట్టుకు ఆ గీతలు గుండ్రంగా ఉండవు. ఎటు పడితే అటు పడిన పొట్టి గీతలవి. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి మన కంటికి వలయంలా కనబడతాయి. మీరు రెండడుగులు పక్కకు జరిగితే ఆ వలయమూ మీతో జరుగుతుంది. అంటే గీతలు అక్కడొక్కచోటే లేవు, హుడ్ అంతా ఉన్నాయి. అదే కారు మబ్బు పట్టిన రోజున, లేదా గరాజ్‌లో, అద్దంలా ఉంటుంది.

139వ కీర్తన చివర దావీదు దేవుణ్ణి ఒక సాహసమైన కోరిక కోరాడు. నన్ను పరిశోధించు, నాలో ఏముందో చూడు అన్నాడు. నన్ను గరాజ్‌లోంచి ఎండలోకి తీసుకురా అని అడగడమే అది. మనలో చాలామందిమి ఆదివారం ఉదయం రెండు గంటలు చక్కగా మెరుస్తాం. చర్చి వెలుతురు అంత కఠినమైనది కాదు. సోమవారం ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి, పిల్లవాడు హోంవర్క్ చేయలేదని తెలిసిన ఆ క్షణం ఉంది చూడండి, ఎండంటే అది.

సరే, ఈ గీతలు ఎవరు గీశారు? సందేశం అక్కడే ఉంది.

కారు రంగు మీద క్లియర్ కోట్ అని ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. మామూలుగా దాని మందం 40 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కంటే పలచన. స్వర్ల్ మార్క్స్ పడేది ఆ పొరలోనే. ఏ యాక్సిడెంట్లోనో పడ్డవి కావు, ఎవరో తాళంచెవితో గీసినవీ కావు. చాలావరకు కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడ్డవే. దుమ్ము మీద పొడిగుడ్డతో ఒక్కసారి రుద్దితే చాలు, గుడ్డకూ పెయింటుకూ మధ్య ఇసుక రేణువులు నలిగి గీస్తాయి. వందల కార్ల మురికిని మోసిన బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ కార్ వాష్‌లో, డబ్బిచ్చి మరీ గీయించుకుంటాం. కింద పడిన టవల్‌ను దులిపి మళ్ళీ వాడినా అంతే. శుభ్రం చేయాలన్న మంచి మనసుతోనే ఇదంతా చేస్తాం.

గల్ఫ్‌లో ఉన్న మన సహోదరులకు ఇది ఇంకా బాగా తెలుసు. అక్కడ తెల్లవారేసరికి కారు మీద సన్నని ఎడారి దుమ్ము పరుచుకుని ఉంటుంది. దాన్ని పొడిగా తుడవకూడదని తెలిసినా ఆఫీసు టైమవుతుంటే చెయ్యి ఆగదు.

మాటలతో కూడా మనం ఇలాగే తుడుస్తాం. మన సంఘంలో ఒక తమ్ముడికి ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల లోపే ఇంకొకటి చూసుకోవాలి, లేదా వేరే దారి వెతుక్కోవాలి. మీకు తెలియని సంగతి కాదు. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర అతన్ని అందరూ పలకరించేవారు. "ఏం బాబూ, ఇంకా ఏమీ రాలేదా?" "ఆ టెక్నాలజీలోనే ఉండిపోయావు, ముందే మారాల్సింది." "ప్రార్థన సరిగ్గా చేస్తున్నావా?" ఒక్కరిలోనూ చెడ్డ ఉద్దేశం లేదు. అడిగినవాళ్ళలో సగంమంది అతని రెజ్యూమె కూడా నలుగురికి పంపారు. అయినా ఐదో వారానికి అతను ఆశీర్వాదం ముగియగానే భోజనానికి ఆగకుండా వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. ఆరో వారం రాలేదు. పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేదు. దుమ్ము పట్టినవాణ్ణి నలభై మంది పొడిగుడ్డతో తుడిచారు, అంతే.

ఇళ్ళలో సంగతి చెప్పనే అక్కరలేదు. "ఫలానావాళ్ళ అమ్మాయి చూడు, స్పెల్లింగ్ బీలో ఎంత బాగా చేసిందో" అని రోజుకొక్కసారి అంటే ఏడాదికి 365 గీతలు. వీసా వల్ల ఉద్యోగం చేయలేక ఇంట్లో ఉన్న భార్యతో "రోజంతా ఇంట్లోనేగా ఉన్నావు" అన్న మాట చిన్నదే. ఆ పొర కూడా పలచనిదే.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన వరుస గమనించండి. ముందు పళ్ళెంలో నీళ్ళు పోశాడు. ఆ తర్వాత కడిగాడు. తుడవడం చివర. అదీ తాను నడుముకు కట్టుకున్న తువాలుతో. కార్లు శ్రద్ధగా కడిగేవాళ్ళ పద్ధతీ ఇదే. ముందు ధారాళంగా నీళ్ళు కొట్టి వదులుగా ఉన్న మట్టిని పోనిస్తారు. నురగ పట్టించి కాసేపు నాననిస్తారు. చెయ్యి వేసేది ఆ తర్వాతే. మనం మాత్రం మనుషుల దగ్గర మొదటే తువాలు తీస్తాం.

నాతాను ప్రవక్తను చూడండి, 2 సమూయేలు 12లో. చెప్పవలసింది వ్యభిచారం, హత్య గురించి, చెప్పవలసిన మనిషి రాజు. ఆయన ఒక పేదవాడి గొర్రెపిల్ల కథతో మొదలుపెట్టాడు. రాజు మనసు ఆ కథలో నానింది. ఆ మనుష్యుడివి నువ్వే అన్నది తర్వాత. నాతాను సత్యాన్ని తగ్గించి చెప్పలేదు. సౌమ్యంగా చెప్పడమంటే మెత్తగా చెప్పి వదిలేయడమని కొందరు అనుకుంటారు, నాకది ఒప్పుదలగా లేదు.

ఇంకో సంగతి, రెండు బకెట్లు. ఒకదానిలో షాంపూ నీళ్ళు, రెండోదానిలో మంచినీళ్ళు. కారు మీద ఒక భాగం తుడవగానే చేతి తొడుగును మంచినీళ్ళలో జాడించి, అప్పుడే మళ్ళీ షాంపూలో ముంచుతారు. లేకపోతే మొదటి తలుపు మీది ఇసుక రెండో తలుపును గీస్తుంది. ఆఫీసులో మేనేజర్ అన్న మాట ఇంటికి తెచ్చి పిల్లల మీద రుద్దడం ఇలాంటిదే. ప్రత్యక్ష గుడారం దగ్గర బలిపీఠానికీ గుడారానికీ మధ్య దేవుడు ఇత్తడి గంగాళం పెట్టించాడు. యాజకుడు సేవకు వెళ్ళేముందు తన చేతులూ కాళ్ళూ కడుక్కోవాలి, ప్రతిసారీ. ఆ గంగాళం దేనితో చేశారో నిర్గమకాండము 38:8లో ఉంది. గుడారపు ద్వారం దగ్గర సేవచేసిన స్త్రీల అద్దాలతో. తన ముఖం చూసుకునే లోహంలోనే తన చేతులు కడుక్కునే నీళ్ళు! మత్తయి 7లో దూలము, నలుసు గురించి ప్రభువు చెప్పినదానికి ఇది ఎంత దగ్గరగా ఉందో మీరే ఆలోచించండి.

మరి ఇప్పటికే పడిన గీతల మాట? ఇక్కడ రెండు దారులున్నాయి. గ్లేజ్ అనే నూనెలాంటి పదార్థం రాస్తే అది గీతల్లో నిండి, ఒక్క సాయంత్రంలో కారు కొత్తదానిలా మెరుస్తుంది. నాలుగు వాష్‌లయ్యాక గీతలు మళ్ళీ పైకి తేలతాయి. మా సాఫ్ట్‌వేర్‌లో దీనికి సమానమైనది ఉంది: బగ్ సరిచేయకుండా ఎర్రర్ మెసేజ్ కనబడకుండా చేయడం. అందుకే పని తెలిసినవాళ్ళు పాలిష్ చేశాక ఆల్కహాల్ కలిపిన నీళ్ళతో ఆ చోటు తుడిచి, అప్పుడు లైటు వేసి చూస్తారు. పోయిందా, దాక్కుందా అని.

రెండోది నిజమైన పాలిషింగ్. దానిలో గీతను ఎవరూ పూడ్చరు. గీత అడుగు వరకు చుట్టూ ఉన్న పొరనే అరగదీసి సమం చేస్తారు. సామెతలు 28:13 దాచిపెట్టడాన్నీ, ఒప్పుకుని విడిచిపెట్టడాన్నీ పక్కపక్కన పెట్టింది. విడిచిపెట్టడంలో మన మందం కొంత పోతుంది. "నేనన్నదాంట్లో తప్పేముంది?" అనే పొర పోవాలి. భార్యకు క్షమాపణ చెప్పేటప్పుడు "కానీ నువ్వు కూడా" అని చేర్చామా, అది గ్లేజ్.

అయితే ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. క్లియర్ కోట్‌ను మళ్ళీ మళ్ళీ అరగదీయలేం, ఉన్నది కాస్తే. అందుకే ముందు తక్కువ గరుకైన పాలిష్‌తో ఒక చిన్న చోట ప్రయత్నించి చూస్తారు. విలాపవాక్యములు 3లో యిర్మీయా చెప్పిన కృప అలా తరిగేది కాదు, ప్రతి ఉదయం కొత్తగా వస్తుంది. కానీ మనం నొప్పించిన మనిషి ఓర్పు ఆ కృప లాంటిది కాదు, క్లియర్ కోట్ లాంటిదే. దేవుడు క్షమిస్తాడని భార్యాపిల్లల ఓర్పును లెక్క లేకుండా ఖర్చుపెట్టేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది.

గోరు పెట్టి చూస్తే గోరు ఆగే గీతలుంటాయి. వాటిని పూర్తిగా తీయబోతే పొరే పోతుంది. అంచులు కాస్త మెత్తబరచి వదిలేస్తారు. యాకోబు పెనూయేలు దగ్గర ఆశీర్వాదం పొంది కుంటుతూనే నడిచాడు. అలాంటి గాయం ఉన్నవాళ్ళను "ఇంకా మర్చిపోలేదా?" అని అడగకండి.

ఆ తమ్ముడికి ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం దొరికింది, దేవునికి స్తోత్రం. అతని ఫోన్ నంబరు మీలో చాలామంది దగ్గర ఉంది. ఈ వారం ఫోన్ చేయండి. ఉద్యోగం ఎలా ఉందని మాత్రం అడగొద్దు, ఏం వండుకుంటున్నావని అడగండి.